ఎదురింటికి వెళ్ళిన ఎరుపు

పొద్దున్నే ఆ వీధిలో జనం తలుపులు తీయగానే మొట్టమొదట చూసుకునేది పాల ప్యాకెట్టు కాదు, గోడలు. రాత్రి పడుకునేటప్పుడున్న రంగు పొద్దుటికి ఉందా, లేదా అని. ఉంటే సంతోషం. లేకపోతే చెప్పులేసుకుని వెతుక్కోవాలి.

"ఏమండీ, మా కర్టెన్ల ఆకుపచ్చ ఇటేమైనా వచ్చిందా?"

"ఇటు రాలేదమ్మా. మూల మీద దర్జీ వాళ్ళ నీళ్ళ ట్యాంకు మీద ఏదో పచ్చగా కూర్చుంది. మీదేనేమో చూసుకోండి."

రంగులంతే. పక్కనున్న రంగుతో పడకపోతే ఒక్క పూట ఉండవు. తెల్లారగట్ల లేచి, తమకు నచ్చిన చోటు చూసుకుని అక్కడ వాలతాయి. దానికెవరూ గుండెలు బాదుకోరు. పిల్లి పక్కింటికి వెళ్తే వెళ్ళి తెచ్చుకోమూ? ఇదీ అంతే. పద్ధతులు మాత్రం ఉన్నాయి, వాటిని ఎవరూ తప్పరు. మనింటికొచ్చిన రంగుని తుడవకూడదు, దాని మీద ఇంకో రంగు వేయకూడదు. దాన్ని కలిపినవాళ్ళే రావాలి, తడిగుడ్డ పట్టి, పేరు పెట్టి పిలవాలి. వేరే ఎవరు పిలిచినా చెవిటిదానిలా కూర్చుంటుంది. పొడిగుడ్డ మీదికి ఎక్కదు.

ఆ వీధి మొత్తంలో ఏ రంగూ ఏనాడూ గడప దాటని ఇల్లు ఒక్కటే. అది బొమ్మలాయనది.

బొమ్మలాయనకి చదువు పెద్దగా అబ్బలేదు. డబ్బాల మీద రాసిన పేర్లు కూడబలుక్కుని చదవగలడు గానీ, చదవడు. "ఆ డబ్బా అమ్మేవాడికేం తెలుసు దాని పేరు? వాడేమన్నా పెంచాడా?" అనేవాడు. తన రంగులకి తనే పేర్లు పెట్టుకున్నాడు. జ్వరం తగ్గిన పసుపు. కడిగిన పలక నలుపు. మూతి ముడుచుకున్న ఊదా. పేరు పెట్టి పిలిస్తే పలకని రంగు ఆయన దగ్గర లేదు.

ఇళ్ళకి రంగులు వేయించుకునేవాళ్ళు ముందు ఆయన్నే అడిగేవాళ్ళు.

"హాలుకి ఏ రంగు వేయమంటారండీ?"

"హాల్లో ఎవరు కూర్చుంటారు?"

"మా అత్తగారు. పొద్దస్తమానం అక్కడే."

"ఆవిడ కుర్చీ ఏ రంగు?"

"వంకాయ రంగండీ."

"అయితే లేత పసుపు వేసుకో. తెలుపు వేశావంటే గదిలో ఆవిడొక్కతే కనపడుతుంది. పసుపు వేస్తే ఆవిడ కూడా కనపడుతుంది."

రంగుల్లో మంచిదీ చెడ్డదీ అంటూ లేదని ఆయన నమ్మకం. పక్కన ఏది ఉందన్నదే లెక్క. రంగుని విడిగా చూసి ఆహా అనేవాడూ, ఫోటోలో పిల్లని చూసి కాపురం ఎలా ఉంటుందో చెప్పేవాడూ ఒకటే అనేవాడు. ఎండ తగిలే గదిలో ముదురు రంగు ఓర్చుకుంటుంది. చీకటి గదిలో అదే రంగు అలిగి కూర్చుంటుంది. పడకగది గోడ మనిషికంటే ముందు నిద్రపోవాలి, వంటిల్లు మనిషికంటే ముందు లేవాలి. ఇలాంటివన్నీ ఆయన అడిగినా చెప్పేవాడు, అడక్కపోయినా చెప్పేవాడు. విననివాళ్ళ ఇంటికి మళ్ళీ వెళ్ళేవాడు కాదు.

ఆ గుణం కూడా చెప్పాలి. ఎవరైనా ఒక మాట అన్నారంటే దాన్ని డబ్బాలో పోసి మూత బిగించి పెట్టుకునేవాడు. ఎన్నేళ్ళకి తీసినా తడి ఆరేది కాదు. బ్రష్షులమ్మే కొట్టువాడు ఒకసారి ఆవలిస్తూ మాట్లాడాడని, ఆ కొట్టు మానేసి రెండు వీధుల అవతలికి నడిచి వెళ్ళి కొనుక్కునేవాడు, మోకాళ్ళు నొప్పెట్టినా సరే. కానీ అన్నిట్లోకీ పెద్ద డబ్బా మాత్రం ఎదురింటిది. ఆ ఇంట్లో ఉండేది ఎవరో కాదు, ఆయన భార్యకి స్వయానా చెల్లెలు.

ఆవిడ పని తోటలు వేయడం. ఎవరింటి ముందు ఏ మొక్క పెట్టాలి, ఏ పువ్వు పక్కన ఏ పువ్వు పూయాలి అన్నది ఆవిడని అడిగే చేసేవాళ్ళు. ఆవిడ ఆ ఇల్లు కట్టుకున్న కొత్తలో బావగారు సరదాపడి ముందుగదికి తన చేత్తో రంగు వేసి ఇచ్చాడు. నాలుగు గోడలూ ఎరుపు. మామూలు ఎరుపు కాదు, కాగుతున్న ఎరుపు. వారం తిరక్కుండానే ఆవిడ దాని మీద సున్నం కొట్టించేసింది. అడిగితే, "ఆ గదిలో కూర్చుంటే ఎవరో నన్ను తిడుతున్నట్టుంది బావా" అంది.

సున్నం! ఆయన ఎరుపు మీద సున్నం! రంగు మీద రంగు వేయకూడదన్న పద్ధతి పారిపోయి వచ్చిన రంగుకే గానీ కానుకగా ఇచ్చినదానికి లేదని వీధిలో పెద్దలు తేల్చారు. తేలిస్తే ఆయనకేం? ఆ రోజు నుంచి ఆవిడతో మాట మానేశాడు. ఆవిడ తక్కువ తిందా? ఉన్న పూలమొక్కలన్నీ పీకి పంచేసి, తోట మొత్తం తెల్లటి పూలే వేసింది. మల్లె, చామంతి, లిల్లీ, గులాబీ, ఏది వేసినా తెలుపే. బావా అని పిలిచే మనిషి బావగారూ అనడం మొదలుపెట్టింది, అదీ ఎదురుగా కాదు, అక్క ద్వారా.

"మీ చెల్లెలికి చెప్పు," అని ఈయన ఇటు గేటు దగ్గర నిలబడి అనేవాడు, "తోట వేసిందో, ఆస్పత్రి దుప్పట్లు ఆరేసిందో తెలియడం లేదని."

"అక్కా, బావగారికి చెప్పు," అని ఆవిడ అటు గేటు దగ్గర నుంచి అనేది, "తెలుపంతా ఒకటే అనుకునేవాళ్ళు ముందు కళ్ళు చూపించుకోవాలని. మల్లె తెలుపులో పసుపుంది, లిల్లీ తెలుపులో నీలముంది, అది కనపడని మనిషి బొమ్మలెలా గీస్తున్నారో అని."

మధ్యలో ఆయన భార్య చేటలో బియ్యం ఏరుకుంటూ, "ఇద్దరికీ వినపడింది కదా, ఇంక నేను చెప్పేదేముంది?" అనేది.

బొమ్మలాయన ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. బొమ్మ పూర్తవగానే దాన్ని లాక్కొచ్చి వీధివైపు కిటికీలో పెట్టేవాడు. "ఆరాలి, గాలి తగలాలి" అనేవాడు. తను కర్టెను చాటున నిలబడేవాడు. ఎదురింటావిడ మొక్కలకి నీళ్ళు పోస్తూ తలెత్తి ఆ బొమ్మని చూసేది. చూసి మూతి తిప్పుకుందంటే బొమ్మ బ్రహ్మాండంగా వచ్చినట్టు. తిప్పుకోకుండా ఊరికే చూసి వెళ్ళిపోయిందంటే ఎక్కడో తేడా కొట్టినట్టు. వెంటనే బొమ్మ లోపలికి తెచ్చి మళ్ళీ మొదలుపెట్టేవాడు. వీధిలో అంతమంది మెచ్చుకునేవాళ్ళున్నా ఆయనకి కావలసింది ఆ మూతి తిప్పడమే.

ఆ ఏడు ఆయనకి రైలు స్టేషనులో వెయిటింగు హాలుకి బొమ్మ వేసే పని వచ్చింది. గోడంత బొమ్మ. తెల్లారకముందు ఒకావిడ పొయ్యి ముందు వంగి ఊదుతుంటుంది. గది, గిన్నెలు, కిటికీ అన్నీ నీలం, బూడిద రంగుల్లో నిద్రపోతుంటాయి. నడుమ ఒక్క నిప్పుకణిక. బూడిద ఊదితే కింద నుంచి కనపడుతుందే, ఆ ఎరుపు. దాన్ని కలపడానికి ఆయన తలప్రాణం తోకకొచ్చింది. దానికి కణకణ అని పేరు పెట్టాడు. బొమ్మలో అది వేలెడంతే, కానీ అది లేకపోతే బొమ్మే లేదు.

కణకణ చుట్టూ బూడిద రంగు సర్దుతుండగా భార్య టీ తెచ్చి పక్కన పెట్టి, అక్కడే నిలబడింది.

"ఏమిటి?"

"చెల్లాయి ఇల్లు అమ్మేస్తోందండీ. కొండ మీద ఊళ్ళో ఏదో పెద్ద తోట చూసే పనిట. వెళ్ళిపోతోంది."

ఆయన బ్రష్షు ఆగింది. "ఈ వయసులో కొండలెక్కుతుందా?"

"అదే అడిగాను. అక్కడ కనీసం ఎదురుపడ్డవాళ్ళు బాగున్నావా అంటారు కదక్కా అంది."

"వెళ్ళనీ. పీడా పోతుంది."

భార్య లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కోపంగా చేతికందిన రంగులో బ్రష్షు ముంచి నిప్పుకణిక చుట్టూ బలంగా ఒక గీత లాగాడు. అది కడిగిన పలక నలుపు. ఊరందరికీ పక్కన ఏది ఉండాలో చెప్పే మనిషి, ఆ నలుపునీ కణకణనీ ఒకదాని పక్కన ఒకటి పెట్టేసి, టీ కూడా తాగకుండా లేచిపోయాడు.

మర్నాడు పొద్దున చూస్తే బొమ్మలో ఆడమనిషి బూడిద ఊదుకుంటోంది. నిప్పు లేదు.

వీధి అంతా గుప్పుమంది. బొమ్మలాయన ఇంటి రంగు గడప దాటింది! దర్జీ పని ఆపి వచ్చాడు. మేడల మీద నుంచి తలలు వంగాయి. వెతకక్కర్లేకుండానే కనపడింది. ఎదురింటి గుమ్మం పక్కన గోడకి పాకిన తెల్ల గులాబీ తీగ ఉంది. దాని మీద ఒకే ఒక్క కొమ్మ, ఆకూ పువ్వూ అంతా, నిప్పులా ఎర్రగా ఉంది.

సరిగ్గా అప్పుడే ఆ ఇల్లు కొనదలచిన పళ్ళ డాక్టరు చివరిసారి చూసుకుందామని వచ్చాడు. ఆయనకి ఆ ఇల్లు నచ్చిందే తెల్లగా ఉందని. గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఇదెవరిదమ్మా?"

"ఎదురింటివాళ్ళదండీ. పిలుచుకుని వెళ్తారు."

"వెళ్ళాక కబురు చేయండి. ఒకరి రంగున్న ఇంటికి నేను రాను. రేపు నా పేషెంట్ల ముందు గొడవైతే?"

ఇంకేం, తేలికే కదా. బొమ్మలాయనకి ఎరుపు కావాలి, మరదలికి అది పోవాలి. వీధి దాటి గుడ్డ పట్టి పిలిస్తే ఇద్దరి పనీ అయిపోతుంది. కానీ అక్కడే వచ్చింది తంటా.

"అక్కా, బావగారికి చెప్పు, వాళ్ళ రంగుని తీసుకెళ్ళమని. నాకు పనులున్నాయి."

"మీ చెల్లెలికి చెప్పు, వచ్చి అడగమని. నా ఎరుపుని ఎవరు మరిగించారో నాకు తెలుసు."

"మరిగించడమా! అక్కా, నేనేమన్నా దానికి పంచదార పెట్టానా?"

"దానిక్కడ మంచి నలుపూ, మంచి బూడిదా ఉన్నాయి. దుప్పట్ల మీదికి ఎందుకు వెళ్తుంది, పిలవకపోతే?"

"మీరిద్దరూ నన్ను చంపుకుతింటున్నారు," అని భార్య రెండు గేట్లకీ మధ్య వీధిలో నిలబడి అంది.

ఆయన మొండికేసి మళ్ళీ అదే రంగు కలపబోయాడు. ఒక రంగు ఒకచోట కూర్చుని ఉండగా దాని జోడీ ఎక్కడ పుడుతుంది? కలిపిందల్లా బురదయింది. స్టేషను మాస్టరు వచ్చి చూసి, గడ్డం గోక్కుని, "ఆదివారానికి పెట్టేయాలండీ. ఆవిడ అలా బూడిద ఊదుకుంటూ ఉంటే ప్రయాణికులకి దగ్గొస్తుందేమో" అన్నాడు. ఆయన పేరు కూడా డబ్బాలోకి వెళ్ళింది, అది వేరే సంగతి.

శనివారం పొద్దున భార్య ఒక తెల్లగుడ్డ బకెట్లో నానేసి గుమ్మం దగ్గర పెట్టి, ఒక్క మాటా అనకుండా చెల్లెలి సామాను సర్దడానికి వెళ్ళిపోయింది. అనకపోవడమే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది. కాసేపు కూర్చున్నాడు, కాసేపు తిరిగాడు. ఆఖరికి చొక్కా గుండీలు పెట్టుకుని, గుడ్డ తర్వాత తీసుకోవచ్చులే, ముందు పరిస్థితి చూద్దామని వీధి దాటాడు.

గేటు దగ్గరికి రాగానే ఆయన కళ్ళు ఎర్రకొమ్మ మీద పడ్డాయి. అలా పడి ఉండిపోయాయి. అంత తెలుపు మధ్య ఆ కాస్త ఎరుపు. అది కేకలు పెట్టడం లేదు. నలుగురు మెల్లగా మాట్లాడుకునే చోట ఒకరు నవ్వినట్టుంది. దాని పక్కన గులాబీల్లో ఒక్క తెలుపు కాదు, రకరకాల తెలుపులు కనపడుతున్నాయి. ఒకదాంట్లో పసుపుంది. ఒకదాంట్లో నీలముంది. ఇన్నేళ్ళూ కర్టెను చాటు నుంచి చూసిన తోట ఇదేనా అనుకున్నాడు. తన చేత్తో అంత బాగా తనే పెట్టలేదు ఆ రంగుని. ఒప్పుకోవడానికి ఒళ్ళు మండింది గానీ, కళ్ళు తన మాట వినడం లేదు.

తీసిన తలుపులోంచి లోపలి గది కనపడింది. అలమరాలు ఖాళీ. అట్టపెట్టెలు. వాటి మధ్య అక్కచెల్లెళ్ళిద్దరూ ఒక పెట్టెకి తాడు కడుతున్నారు. ఒకరు పట్టుకుంటే ఒకరు ముడి వేస్తున్నారు. మామూలుగా ఆ ఇద్దరూ ఒకచోట ఉంటే వీధి చివరికి వినపడుతుంది. ఇప్పుడు చప్పుడు లేదు.

ఎరుపు వస్తే ఆవిడ వెళ్తుంది. ఆ సంగతి ఆయనకి తెలియంది కాదు. కానీ అప్పటిదాకా తలలోనే ఉంది, ఇప్పుడు కాళ్ళలోకి దిగింది. రేపటి నుంచి కిటికీలో బొమ్మ పెడితే ఎదురుగా పళ్ళ డాక్టరు నిలబడి, చాలా బాగుందండీ అంటాడు. ప్రతి బొమ్మకీ అదే మాట. తప్పుగా గీసినదానికి కూడా అదే మాట.

ఆయన వెనక్కి తిరిగి ఇంటికి వచ్చాడు. బకెట్లో గుడ్డ బకెట్లోనే ఉంది. దాన్ని దాటుకుని దొడ్లోకి వెళ్ళి, తీగ మీద ఎండకి ఫెళఫెళలాడుతున్న గుడ్డ ఒకటి లాక్కుని మళ్ళీ వీధి దాటాడు.

ఈలోగా, బొమ్మలాయన వీధి దాటాడన్న కబురందుకుని పళ్ళ డాక్టరు వచ్చేశాడు. మేడల మీద జనం పోగయ్యారు. బొమ్మలాయన గులాబీ తీగ ముందు నిలబడి, గుడ్డ రెండు చేతులా పరిచి, గొంతెత్తి పిలిచాడు.

"కణకణా! రా, ఇంటికి పోదాం!"

కొమ్మ కదిలింది. ఎరుపు ఆకుల చివర దాకా వచ్చి, గుడ్డ అంచు వాసన చూసి, వెనక్కి వెళ్ళి కూర్చుంది.

"కణకణా!"

రాలేదు.

"మొండిది," అన్నాడాయన, ఎవరి మొహమూ చూడకుండా. "ఇంక రాదు."

మరదలు మెట్టు దిగి వచ్చింది. గుడ్డ కొస పట్టుకుంది. వేళ్ళ మధ్య ఒకసారి నలిపింది. ఆవిడ నోరు తెరిచి ఒక్క మాటంటే చాలు, ఇంట్లోంచి చెంబుడు నీళ్ళు వస్తాయి, అంతా అయిపోతుంది. ఆవిడ ఆయన వంక చూసింది. అక్క వంక చూసింది. ఖాళీ అలమరాల వంక చూసింది. తర్వాత ఆ గుడ్డని నాలుగు మడతలు వేసి, చంకలో పెట్టుకుంది.

"ఏమనుకోకండి డాక్టరుగారూ," అంది. "మా బావ రంగులంతే. మనిషిని బట్టే కదా."

డాక్టరు వాచీ చూసుకుని, ఇంకో వీధిలో ఇంకో తెల్లటి ఇల్లు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. కొండ మీద తోటవాళ్ళకి రావడం లేదని ఆ సాయంత్రమే కబురెళ్ళింది. పెట్టెల తాళ్ళు విప్పుతూ అక్కచెల్లెళ్ళు చేసిన గోలకి దర్జీ కుట్టు తప్పాడు.

అంతకుముందే, ఆ మధ్యాహ్నం, మరదలు నేరుగా వీధి దాటి, పిలవకుండానే బొమ్మల గదిలోకి వచ్చింది. బొమ్మ ముందు నిలబడి తల ఒక పక్కకి వాల్చింది.

"రేపటికి ఇవ్వాలి కదా. ఏం చేస్తావు బావా?"

"ఏం చేస్తాను? నిప్పు మీ ఇంట్లో ఉంది."

"ముందా నల్లగీత తీసెయ్. ఎవరు పెట్టారది, నువ్వేనా? నీకెవరైనా చెప్పేవాళ్ళు లేకపోతే ఇంతే. నిప్పుని చూపించడమెందుకు? ఊదే మనిషి మొహం మీద వెలుగు చూపించు చాలు. చెట్టు వెనక సూర్యుడున్నాడని ఆకు చెప్పట్లా?"

నిజానికి ఆ మాట తట్టాల్సింది తనకి. ఆ ఉక్రోషంతో, "వెలుగంటే ఏ రంగు మరి? చెప్పు, అంత తెలిసినదానివి" అన్నాడు.

"లేత గులాబీ."

"గులాబీట! ఆవిడకి జలుబు చేసినట్టుంటుంది. నారింజ."

"నారింజ పెట్టు, కామెర్లొచ్చాయనుకుంటారు."

"నీకు తోటలు తెలుసు, మొహాలు తెలియవు."

"నీకు మొహాలు తెలిస్తే ఇన్నేళ్ళు నా మొహం చూడ్డం మానేస్తావా?"

ఆయన బ్రష్షు గబగబా కడిగి గులాబీలో ముంచాడు, ఆవిడ అటు తిరగగానే అందులో నారింజ ఒక చుక్క కలిపాడు. ఆవిడ తిరగకుండానే, "చూశాన్లే" అంది. భార్య టీ కప్పులతో వచ్చి తలుపు దగ్గరే ఆగింది. ఎవరికీ ఏమీ చెప్పమని ఎవరూ అడగలేదు. ఆవిడ కాసేపు నిలబడి, తన కప్పు తను తీసుకుని, అక్కడే పీట వేసుకుని కూర్చుంది.

బొమ్మ ఆదివారం గోడెక్కింది. అందులో నిప్పు ఎక్కడా లేదు. వంగి ఊదుతున్న ఆవిడ చెంప మీద, ముక్కు కొన మీద, ముంగురుల మీద ఒక పలచటి వెలుగుంది, అంతే. చలికాలం పొద్దుటి బండికి వచ్చినవాళ్ళు సామాను కింద పెట్టి, ఆ బొమ్మ ముందు నిలబడి, రెండు చేతులూ చాపి కాచుకుంటారు. కాచుకుని, అరచేతులు రుద్దుకుంటూ వెళ్ళి బండెక్కుతారు.

ఆ వేడి గులాబీ వల్ల వచ్చిందా, నారింజ వల్ల వచ్చిందా అన్నది మాత్రం బావామరదళ్ళ మధ్య ఇంకా తేలలేదు. రోజూ సాయంత్రం ఒక గేటు దగ్గరో, రెండో గేటు దగ్గరో దాని మీద పోట్లాడుకుంటూనే ఉన్నారు.